భావం ఎవరి సొత్తు?

కళకు అర్థం చేసినవాని మనస్సులో ఉన్నదని కొందరు, చూచేవాని మనస్సులో ఉన్నదని కొందరు వాదిస్తారు. మా తరగతిలో ఈ వాదం ఏటా ఒకసారైనా రాక మానదు. చివరకు ఎవరో ఒక విద్యార్థి లేచి "ఎవరి అభిప్రాయం వారిది సార్" అని ముగిస్తాడు. ఆ మాట మర్యాదగానే ఉన్నది గాని, మాకు ఏనాడూ రుచించలేదు.

పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని నిర్మల్‌లో పొనికి చెక్కతో బొమ్మలు చేసి రంగులు దిద్దే కళాకారులను నకాషీలంటారు. చెక్కడపు పనిని మనం నగిషీ అంటాము. రెండింటికీ మూలం అరబ్బీ 'నఖ్ష్'. మీర్జా గాలిబు (1797–1869) ఉర్దూ దీవానులో మొట్టమొదటి మాట కూడా అదే. ఆ పద్యంలో చిత్రమే ఫిర్యాదియై, తనను గీసినవాని చిలిపితనం మీద మొరపెట్టుకొంటుంది. ప్రతి బొమ్మ ఒంటిమీదా కాగితపు వస్త్రమే!

ఈ కాగితపు వస్త్రమేమిటి? గాలిబే ఒక ఉత్తరంలో వివరించాడు. ఇరానులో న్యాయం కోరేవాడు కాగితపు దుస్తులు తొడిగి పాలకుని ముందు నిలిచే ఆచారమున్నదట. చిత్రం ఉండేది కాగితం మీదనే గదా! ఉనికి బొమ్మవలె మిథ్యయే అయినా దుఃఖహేతువే అని ఆయన భావం.

కవే చెప్పిన తరువాత ఇక వివాదమెక్కడిది అనుకొంటాము. కాని నిజాం కళాశాలలో బోధించిన నజ్మ్ తబాతబాయి, 1900లో హైదరాబాదులో ప్రకటించిన తన వ్యాఖ్యలో, అటువంటి ఆచారాన్ని తాను చూడలేదు, వినలేదు అన్నాడు. కవి చెప్పుకొన్న భావానికి పద్యంలో మాటల ఆధారం లేదు గనుక దానిని సార్థకమనలేమని తేల్చాడు. కవికి ఎదురుగా కవి పద్యాన్నే సాక్ష్యానికి పిలిచిన ఆ ధైర్యం మాకు నచ్చింది. తరువాతి వ్యాఖ్యాతలు "అది మీ అభిప్రాయం" అని ఊరుకోలేదు. పారసీక కవుల రచనలలో కాగితపు వస్త్రం ఎక్కడెక్కడ ఉన్నదో వెదికి తెచ్చి చూపారు. ఆచారం సంగతిలో గాలిబు మాట నిలిచింది. ఆయన కవి అయినందుకు కాదు, ఆధారం దొరికినందుకు.

తెలుగులోనూ చూడండి. ఒకప్పుడు కరీంనగరు ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్న విశ్వనాథ సత్యనారాయణకు రామకథ కల్పవృక్షం, రంగనాయకమ్మకు విషవృక్షం. ఎవరితో ఏకీభవించినా, ఇద్దరూ సంపుటాల కొద్దీ రాసి తమ వాదం నిరూపించుకోబూనినవారే. ఊరక అభిప్రాయం పారవేసి పోలేదు.

ఇక మా తప్పు కూడ ఒకటి చెప్పుకోవలె. కొన్నేళ్ళ క్రిందట ఒక విద్యార్థిని పద్యానికి గైడులో లేని భావం రాసి, పద్యంలోని రెండు క్రియాపదాలను చూపి సమర్థించుకొన్నది. మేము ఎర్రసిరాతో సున్న చుట్టాము. గైడును దించినవారికి నిండు మార్కులు వేశాము. చాలాకాలానికి ఆ పద్యం మళ్ళీ పాఠం చెబుతుండగా ఆమె చెప్పినదే పొసగినట్లు తోచింది. అప్పటికి ఆమె చదువు ముగించి వెళ్ళిపోయింది.

కళాశాల కమిటీవారికి మా విన్నపమొకటి. అంతర్గత పరీక్షలలోనైనా "మీకు తోచిన భావమేమి? దానికి పద్యంలోని ఆధారమేమి?" అని 5 మార్కుల ప్రశ్న ఒకటి ఉంచవలె. భావానికి 2, ఆధారానికి 3. తెలుగు, ఉర్దూ శాఖలు కలిసి దానిని తయారు చేయవచ్చును. గాలిబు కాగితపు వస్త్రంతోనే మొదలుపెడదామంటే ఉర్దూ శాఖ మిత్రులు కాదనరనుకొంటాము.