ఈ గోలీలు ఎన్నొద్దులు ఎయ్యాలె?

యతిప్రాసలను గురించి ఒక టపా వ్రాద్దామని కూర్చున్నాను. మనసు వేరొక చోటికి పోయింది.

నా వద్ద చదువుకొన్న కోట్‌పల్లి కుర్రవాడొకడు తాండూరు దారిలో బైకు మీదినుండి పడ్డాడు. హెల్మెట్ లేదు. నగరంలో శస్త్రచికిత్స జరిగి ప్రాణం నిలిచింది. ఇంటికి పంపుతూ ఇచ్చిన మందులచీటీలో సగం యాంటీఆక్సిడెంట్లే. వాటికోసం తల్లి మెడలోని గుండ్లదండ కుదువకు పోయింది. "సారూ, ఈ గోలీలు ఎన్నొద్దులు ఎయ్యాలె?" అని ఆమె అడిగితే తెలుగు పండితుణ్ణి, నేనేమి చెప్పను? ఆ మందుల పేర్లు పట్టుకొని కొన్నాళ్లు చదివాను.

వాటి వెనుకనున్న తర్కం చక్కనిదే. దేహపు బరువులో మెదడు 2 శాతమే అయినా, దేహం వాడుకొనే ప్రాణవాయువులో సుమారు 20 శాతం దానికే కావాలి. దెబ్బ తగిలిన క్షణాన కలిగే నష్టం ఒకటి. ఆపై గంటలు, రోజులు సాగే నష్టం మరొకటి. ఈ రెండవదానిలో ఫ్రీ రాడికల్స్ అనే దుందుడుకు అణువులు పుట్టి మెదడు కణాల కొవ్వుపొరలను కొరికివేస్తాయి. (ప్రాణవాయువే ప్రాణం మీదికి తేవడం! విరోధాభాసానికి ఇంతకన్న ఉదాహరణ తరగతిలో నాకు దొరకలేదు.) వాటిని అణచే మందిస్తే మేలు కలగాలి కదా?

ఎలుకలలో కలిగింది. మనుషుల దగ్గరకు వచ్చేసరికి కథ మారింది. పెగార్గోటిన్ అనే మందును తలకు తీవ్రమైన గాయాలైన 463 మందిపై పరీక్షించి 1996లో ఫలితం ప్రకటించారు. చెప్పుకోదగిన మేలు కనబడలేదు. మన వైద్యులు విరివిగా వ్రాసే సిటికోలిన్‌ను 1213 మందిపై పరీక్షించారు. 2012లోనూ అదే మాట. ఇరానులో 100 మందిపై జరిపి 2011లో ప్రకటించిన పరీక్షలో మాత్రం విటమిన్ ఇ ఇచ్చినవారిలో మరణాలు తగ్గాయి. ఆశ కలిగించే సంగతే. కాని నూరుమందిని చూసి ఊరంతటికీ మందు చెప్పగలమా? మేలు చేస్తాయని ఏళ్ల తరబడి ఇచ్చిన స్టెరాయిడ్లు మరణాలను పెంచుతున్నాయని 2004లో, పదివేల మందిపై పరీక్షించాకనే తేలింది.

పరిశోధన సాగవలసిందే. తొలిగంటలలో, పరీక్షలో భాగంగా, రోగికి ఖర్చు లేకుండా ఇస్తే నాకు అభ్యంతరం లేదు. నెలలు గడచిన తరువాత కూడ అప్పుచేయించి కొనిపించడమే నాకు మింగుడుపడలేదు.

ఫిట్స్ రాకుండా ఇచ్చిన గోలీని మాత్రం ఆపవద్దని ఆమెకు గట్టిగా చెప్పాను. మిగిలినవాటిలో ఏవి అవసరమో డాక్టరునే అడగమని ఒక కాగితం వ్రాసి ఇచ్చాను. నాలుగు ఆపివేశారట. గుండ్లదండ ఇంకా విడిపించుకోలేదు.