ఆయా పేరు ఏ జాబితాలో?

2021 జూన్‌లో మన రాష్ట్ర ప్రభుత్వం ఒక మంచి నిర్ణయం తీసుకుంది. అప్పటికి ఇక్కడ కొవిడ్ టీకా ముఖ్యంగా 45 ఏళ్లు దాటినవారికే అందుతోంది. వ్యాధి మూడోసారి విజృంభిస్తే పసిపిల్లల మీద పడుతుందేమోనని ఇంటింటా భయం. పిల్లలకు టీకా ఇంకా లేదు. అందుకని 5 ఏళ్లలోపు బిడ్డలున్న తల్లులకు 45 నిండకపోయినా ముందుగా వేయాలని నిర్ణయించారు. బిడ్డను కాపాడాలంటే ముందు బిడ్డను ఎత్తుకునే మనిషిని కాపాడాలన్నమాట. ఈ ఆలోచనను మేము మనసారా మెచ్చుకుంటున్నాము.

అయితే బిడ్డను ఎత్తుకునేది తల్లి ఒక్కతేనా? మన విశాఖలో గాజువాక నుంచి అక్కయ్యపాలెం దాకా ఎన్నో ఇళ్లలో తల్లి పొద్దున్నే బడికో, బ్యాంకుకో, ఆసుపత్రికో డ్యూటీకి వెళ్తుంది. సాయంత్రం దాకా బిడ్డ ఆయా చంకలోనే ఉంటుంది. పాడేరు వైపు నుంచో, శ్రీకాకుళం పల్లెల నుంచో వచ్చిన ఆ మనిషి రాత్రి కూడా ఆ ఇంట్లోనే పడుకుంటుంది. 2021 జనవరి 16న వైద్య సిబ్బందితో టీకాలు మొదలయ్యాయి. ఫిబ్రవరిలో పోలీసులు, పారిశుద్ధ్య కార్మికులు, మార్చి 1 నుంచి 60 దాటిన వృద్ధులు, ఏప్రిల్ 1 నుంచి 45 దాటినవారందరూ వచ్చారు. ఈ వరసలో ఆయాకు విడిగా చోటు లేదు. తల్లుల జాబితాలోనూ లేదు.

ఆ మే నెలలో కేంద్రం మరో వెసులుబాటు ఇచ్చింది. పరిశ్రమల్లో, కార్యాలయాల్లో పెట్టే టీకా శిబిరాల్లో ఉద్యోగుల కుటుంబ సభ్యులకూ, వారిపై ఆధారపడినవారికీ వేయవచ్చని చెప్పింది. పోర్టు, ఉక్కు కర్మాగారం ఉన్న ఊరికి ఇది మేలే. కాని ఉద్యోగి వైద్య పుస్తకంలో భార్య, పిల్లలు, తల్లిదండ్రుల పేర్లుంటాయి, ఆయా పేరుండదు. నిజానికి అక్కడ ఆధారపడి ఉన్నది ఆమె కాదు, ఆ కుటుంబమే!

2021 జూన్ 21 నుంచి 18 దాటిన ప్రతివారికీ ఉచితంగా టీకా అన్నారు. వరస గొడవ తీరింది. 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది కూడా. మరి ఇప్పుడీ మాటెందుకు అంటారా? చంటిబిడ్డకు తట్టు టీకా మొదటి డోసు పడేది 9 నెలలు నిండాకే. కోరింత దగ్గు టీకా 6 వారాలకు మొదలవుతుంది. ఫ్లూ టీకా 6 నెలల లోపు వేయరు. అంతవరకూ ఆ పసిగుడ్డుకు చుట్టూ ఉన్న పెద్దలే రక్ష. కోరింత దగ్గు పెద్దవారిలో మామూలు దగ్గులాగే కనిపించి, బిడ్డకు ప్రాణాంతకం కావచ్చు.

కనుక ఆయాను పెట్టుకునే సోదరీమణులు ముందు ఆమెను డాక్టరుకు చూపించండి. ఏటా ఫ్లూ సూది, ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు కలిపి పెద్దలకు వేసే టీకా, అవసరమైతే తట్టు టీకా వేయించండి. గర్భవతి అయితే తట్టు టీకా కూడదు. ఎందుకు వేయిస్తున్నారో ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పి, ఆమె ఒప్పుకున్నాకే వేయించాలి. 'వేయించుకోకుంటే పని మానెయ్' అనడం మర్యాద కాదు. ఖర్చు యజమానిదే, జీతంలో కోయరాదు. ఇక ఆయా పేరుతో 14 ఏళ్లలోపు పిల్లను పెట్టుకున్న ఇంటివారికి టీకా గురించి చెప్పేదేమీ లేదు. అది చట్టరీత్యా నేరం. ఆ పిల్లను బడికి పంపండి.

సూది వేశాక అరగంట అక్కడే కూర్చోబెట్టాలి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయక డాక్టరుకు చెప్పాలి. ఒకటి రెండు రోజులు చేయి నొప్పి, కొద్దిగా జ్వరం రావచ్చు. ఆ రెండు రోజులూ ఆ భుజాన బిడ్డను వేయకండి, బకెట్లు మోయించకండి. రాత్రి బిడ్డ ఏడిస్తే అమ్మో, అబ్బాజానో లేవాలి. టీకా బలం రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. అప్పటిదాకానే కాదు, ఆ తర్వాత కూడా దగ్గు, జ్వరం వస్తే బిడ్డను మరొకరికి అప్పగించి ఆమె విశ్రాంతి తీసుకోవాలి. ఆ రోజుల జీతం ఇవ్వాల్సిందే. దగ్గితే జీతం పోతుందని తెలిసిన మనిషి దగ్గును దాచుకుంటుంది. ఆ దాపరికం చివరికి ఉయ్యాల దాకా వస్తుంది.

అబ్వా వద్ద ఆమినా కన్నుమూసినప్పుడు ఆరేళ్ల అనాథ బాలుణ్ని మక్కాకు చేర్చింది ఇంట్లో పనిచేసే బరకా, అంటే ఉమ్మె ఐమన్ (రజి). దైవప్రవక్త (స) ఆమెను జీవితాంతం తల్లిలాగే గౌరవించారు. ఈ సంగతి మన ఇళ్లలో అందరికీ తెలిసిందే.

మరొక్క మాట. కొవిడ్ రోజుల్లో ఒక ఫోను నంబరు మీద మొదట నలుగురి పేర్లే నమోదయ్యేవి. ఫోను లేని ఆయా పేరును యజమాని నంబరుపై రాయించిన చోట ధ్రువపత్రం కూడా ఆ ఫోనులోనే ఉండిపోయింది. ఇకపై టీకా కార్డు ఆమె పేరుతో రాయించి ఆమె చేతికే ఇవ్వండి. పని మానేసి ఊరికి వెళ్లేటప్పుడు ఆ కార్డు ఆమె పెట్టెలో ఉండాలి.