తలుపు పక్క కుర్చీ వదిలేద్దాం



మొన్న మా మామూ కొడుకు ఫోన్ చేశాడు. "భాయ్‌జాన్, ఆదివారం బాపూజీ కళామందిర్‌లో నాటికలంట. పిల్లల్ని తీసుకెళ్దామనుకుంటున్నా. ఎక్కడ కూర్చుంటే బాగుంటుంది?" అని అడిగాడు. శ్రీకాకుళంలో నాటకాల షౌఖ్ ఉన్న మనిషినని ఖాందాన్‌లో నాకో పేరుంది లెండి. ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నాను కానీ, ఆ సవాల్ నన్ను వదల్లేదు. ఇన్నేళ్లు నేను ఎక్కడ కూర్చున్నాను, ఎందుకు కూర్చున్నాను అన్నది తల్చుకుంటే కొంచెం శరమ్‌గానే అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు వాడికి చెప్పిన జవాబు చెప్తాను. మన దగ్గర నాటికల పోటీలకి సాధారణంగా టికెట్ ఉండదు, సీటు నంబరూ ఉండదు. ముందొచ్చిన వాడిదే కుర్చీ. కాబట్టి అరగంట ముందే వెళ్లాలి. మొదటి రెండు వరుసలు అతిథులకని సోఫాలు వేసి ఉంటారు, వాటి జోలికి పోవద్దు. దొరికినా అవి మంచి సీట్లు కావు. మెడ ఎత్తి చూడాలి, ప్రాంప్టర్ గుసగుసలు వినిపిస్తాయి, నటుడి మొహం మీద రంగు కనిపిస్తుంది గానీ స్టేజీ మొత్తం ఒక్కచూపులో అందదు. నాలుగో వరుస నుంచి ఏడో వరుస దాకా, అదీ మధ్యలో, అసలైన చోటు. అక్కడ నటుడి కళ్లూ కనిపిస్తాయి, స్టేజీ ఈ చివర నుంచి ఆ చివర దాకా కూడా కనిపిస్తుంది.

మరీ పక్కకి కూర్చుంటే సగం స్టేజీ వింగ్ చాటుకి పోతుంది. పైగా స్పీకరు డబ్బా సరిగ్గా చెవి దగ్గరే ఉంటుంది. అప్పుడు మనం వినేది డబ్బాని, మనిషి గొంతుని కాదు. పోటీల్లో ఇంకో సులువు ఉంది. న్యాయనిర్ణేతల టేబుల్ ఎక్కడ వేశారో చూడండి. అన్నీ కనపడే, వినపడే చోటే వేస్తారు కదా. వాళ్ల వెనక ఒకటి రెండు వరుసలు వదిలి కూర్చుంటే చాలు. ముందు వాళ్ల తలల మధ్య సందు చూసి కుర్చీ ఎంచుకోండి. చిన్న పిల్లలుంటే వరుస చివరి కుర్చీ పెద్దవాళ్లు ఉంచుకోండి, లేచి వెళ్లాల్సి వస్తే ఎవరి మోకాళ్లూ తొక్కక్కర్లేదు.

పల్లెల్లో పండగలకి వేసే పద్య నాటకమైతే లెక్క వేరు. హరిశ్చంద్ర వేశారంటే కాటి సీను వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. అక్కడ హార్మోనియం ఏ పక్కన ఉందో చూసుకుని దానికి దగ్గరగా చాప వేసుకోవాలి. రాగం ఎత్తుకునే ముందు నటుడు ఊపిరి తీసుకోవడం వినపడాలి. జనరేటరుకి, హారన్ మైకుకి మాత్రం దూరంగా ఉండాలి. మంచుకి ఒక దుప్పటి తప్పనిసరి.

పద్యం బాగా పాడితే జనం "వన్స్ మోర్" అంటారు, నటుడు మళ్లీ ఎత్తుకుంటాడు. మన ముషాయిరాల్లో "ముకర్రర్" అంటే షాయర్ ఆ షేర్ మళ్లీ చదివినట్టే. రెండు చోట్లా ఒకటే ఉసూల్. వినేవాడు నోరు మూసుకుని కూర్చుంటే చెప్పేవాడికి జాన్ రాదు. దాద్ ఇచ్చేవాడు కూడా ఆ మహఫిల్‌లో సగం హక్‌దార్.

ఇక అసలు మాటకి వస్తాను. ఇంత ఇల్మ్ ఉన్న నేను పాతికేళ్లు ఎక్కడ కూర్చున్నానో తెలుసా? చివరి వరుసలో, తలుపు పక్కన. ఎవరైనా అడిగితే "ఇషా టైముకి లేవాలి కదా" అనేవాణ్ణి. అది బహానా. మగ్రిబ్ చదువుకుని బయల్దేరితే, ఇషా వక్తు చాలాసేపు ఉంటుంది, నాటకం అయ్యాక చదువుకోవచ్చు. జమాత్ తప్పకూడదనుకునే వాళ్లు రెండు నాటికల మధ్య సెట్టు మార్చేటప్పుడు వెళ్లి రావచ్చు. నా మనసులో ఉన్నది నమాజు కాదు, ఝిఝక్. ఇది వాళ్ల మహఫిల్, మనం మెహమాన్‌లం, వెనక కూర్చుంటే ఎవరికీ అడ్డం ఉండదు అన్న ఆలోచన. అబ్బాజాన్ కూడా అక్కడే కూర్చునేవారు. నేనూ అదే నేర్చుకున్నాను.

కొన్నేళ్ల కిందట ఒక నాటిక చూశాం. ఊరూ, సమాజం పేరూ చెప్పను. అందులో ఒక సాయిబు పాత్ర. గళ్ల లుంగీ, పచ్చ టోపీ, "నిమ్కీ, మాకీ" అంటూ విరిగిన తెలుగు. అతను నోరు తెరిస్తే చాలు, హాలంతా నవ్వు. అప్పటికి పదేళ్లున్న మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని అడిగింది: "అబ్బూ, మనం అలా మాట్లాడతామా?" దాన్ని తీసుకుని బయటికొచ్చేశాను. చాలా గైరత్‌తో లేచానని అనుకున్నాను. కానీ మేం వెళ్లిపోయిన సంగతి ఆ తలుపుకి తప్ప ఎవరికీ తెలీదు.

మర్నాడు ఏడాది అదే నాటిక ఇంకో చోట పడింది. ఈసారి బేగమ్‌ని, అమ్మాయిని తీసుకుని అరగంట ముందే వెళ్లి నాలుగో వరుసలో, మధ్యలో కూర్చున్నాను. నా నెత్తిన టోపీ, పక్కన బురఖా, మధ్యలో పిల్ల. అదే నటుడు వచ్చాడు. మొదటి డైలాగు పాత పద్ధతిలోనే అన్నాడు. రెండోది అనబోతూ మావైపు చూశాడు. ఆ తర్వాత "నిమ్కీ" సగం తగ్గిపోయింది. నవ్వులూ తగ్గాయి. చివర్లో ఆ సాయిబు కూతురి పెళ్లి గురించి ఏడ్చే సీను ఉంది. పోయినసారి మేం దాని దాకా ఉండనే లేదు. ఈసారి అది చూసి మా బేగమ్ కళ్లు తుడుచుకుంది.

అయ్యాక స్టేజీ వెనక్కి వెళ్లి ముబారక్ చెప్పాను. సగం మేకప్ తుడుచుకుని ఉన్నాడు. "రాసిందదే సార్, నేర్చుకుందీ అదే. ఎదురుగా మీ పాప కూర్చుంది. ఆ మాట నోటికి రాలేదు" అన్నాడు. మరి మీ ఇళ్లలో ఎలా మాట్లాడతారని అడిగాడు. "మా అమ్మీ నన్ను ఇప్పటికీ 'ఏటి బావూ, అన్నం తిన్నావా' అంటుంది, తర్వాత 'అల్‌హమ్దులిల్లాహ్' అంటుంది" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

సినిమాలో ఇది జరగదు. తెర మీద మనిషికి మనం కనిపించం. టీవీ ముందు ఎంత కోపం తెచ్చుకున్నా సీరియల్‌లో ఒక్క మాట మారదు. నాటకంలో మాత్రం ఎదురుగా ఎవరు కూర్చున్నారన్నది రోజూ నాటకాన్ని కొంచెం మారుస్తుంది.

పక్క జిల్లా విజయనగరంలో 1892లో "కన్యాశుల్కం" ఆడారు. ఆడపిల్లల్ని డబ్బుకి ముసలివాళ్లకి కట్టబెట్టే రివాజు మీద రాసిన నాటకం అది. దూరదేశం కథ కాదు. తెర లేవగానే గిరీశం నిలబడేది ఆ ఊరి బొంకులదిబ్బ మీదే. ఆ సంగతులు తెలిసిన జనం ముందే వాటిని ఆడారు. మన శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టిన జె.వి. రమణమూర్తి గారు గిరీశంగా, అన్నగారు సోమయాజులు గారు రామప్ప పంతులుగా ఆ నాటకాన్ని దశాబ్దాల తరబడి మోశారు. గిరీశం కోతలన్నీ మాటల్లో ఉంటే, దొరికిపోతానన్న భయం అంతా కళ్లలో ఉంటుంది. వెనక వరుసకి మాటలే చేరతాయి, కళ్లు చేరవు.

మన బుజుర్గుల్లో కొందరు "నాటకాలు మనవి కావు, వక్త్ బర్బాద్" అంటారు. వాళ్ల ఫిక్ర్ నాకు అర్థమవుతుంది. ఏది చూడాలో ఎంచుకోవాల్సిందే, ప్రతి నాటకానికీ పిల్లల్ని తీసుకెళ్లమని నేనూ అనను. కానీ "మనవి కావు" అన్న మాట ఒప్పుకోను. ఉర్దూలో అమానత్ "ఇందర్ సభ", ఆగా హష్ర్ కాశ్మీరీ నాటకాలు ఉన్నాయి. తెలుగులో పిఠాపురం ఉమర్ ఆలీషా గారు నాటకాలు రాశారు. బుర్రకథ నాజర్ గారు స్టేజీ ఎక్కితే ఊళ్లకి ఊళ్లు కదిలొచ్చేవి. 1986లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. మన ఊరు కూడా ఒకప్పుడు గుల్షనాబాద్ అనిపించుకున్నదే. షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు 17వ శతాబ్దం నుంచీ ఇక్కడే ఉంది. ఇంత కాలం ఉన్నవాళ్లం మెహమాన్‌లం ఎలా అవుతాం?

ఇంకొకరు అడగొచ్చు: "తప్పు రాసింది వాళ్లు, ముందుకెళ్లి కూర్చోవాల్సింది మనమా?" సవాల్ వాజిబే. రాసేవాడి జిమ్మేదారీ రాసేవాడిదే. మనం ముందు కూర్చున్నంత మాత్రాన అందరూ మారిపోరు. మనల్ని చూసి కూడా అలాగే ఆడేవాళ్లు ఉంటారు. అప్పుడు లేచి వచ్చేయండి. నాలుగో వరుసలోంచి ఒక కుటుంబం మొత్తం లేస్తే, అది హాలంతా చూస్తుంది. తలుపు పక్క నుంచి లేస్తే గాలి వచ్చిందనుకుంటారు.

బాగున్నప్పుడు మాత్రం చప్పట్లలో కంజూసీ చెయ్యకండి. అయ్యాక వెనక్కి వెళ్లి రెండు మంచి మాటలు చెప్పండి. తప్పుంటే అదీ అదబ్‌తో చెప్పండి. ఎదుటి మనిషి వింటాడు. నాకు అనుభవమే.

మా మామూ కొడుక్కి నిన్న మళ్లీ ఫోన్ చేసి, ఐదున్నరకల్లా వెళ్లి నాలుగో వరుసలో ఏడు కుర్చీలు పట్టుకోమన్నాను. "ఏడెందుకు భాయ్‌జాన్? మేం నలుగురమే కదా" అన్నాడు. మిగతా మూడు మావి. మగ్రిబ్ చదువుకుని వస్తాం, ఇన్షా అల్లాహ్.

ఖుదా హాఫిజ్.