నాయనమ్మ గదికి ఏ వైరు?

ఇసిఇ చదివేవాళ్ళకి ఇంటి దగ్గర ఉండే గౌరవం ఒక్కటే. టీవీ రాకపోతే మనల్నే పిలుస్తారు. ఆంటెన్నా థియరీలో ఎన్ని మార్కులొచ్చాయని ఎవరూ అడగరు. "ఏరా అబ్బాయ్, బొమ్మ ఎందుకు రావట్లేదో కాస్త చూడు" అంటారు. ఈసారి సంక్రాంతి సెలవుల్లో నాకు అంతకంటే పెద్ద పనే తగిలింది. పర్చూరు దగ్గర మా ఊళ్ళో కొత్త ఇల్లు కడుతున్నాం. శ్లాబు పోసేముందు పైపులు ఎక్కడెక్కడ వెయ్యాలో చెప్పమని మేస్త్రి తొందరపెడుతున్నాడు. "నాలుగు గదులు, రెండు డిష్‌లు. టీవీల సంగతి నువ్వు చూసుకో, కాగితం మీద గీసివ్వు" అన్నాడు నాన్న.

గీసిచ్చాను. వైర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి, ప్లాను మాత్రం తప్పు. ఆ తప్పు గురించే ఈ వ్యాసం. మీలో చాలామంది ఇళ్ళల్లో కూడా ఏదో ఒకరోజు ఇదే కాగితం మీ చేతికొస్తుంది కాబట్టి చెప్తున్నా.

ముందు రెండు డిష్‌లు ఎందుకో చూద్దాం. మా ఇంట్లో ఇప్పటికే నెలనెలా డబ్బు కట్టే డిష్ ఒకటుంది. అది 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదున్న ఉపగ్రహాన్ని చూస్తుంది. తెలుగు సీరియళ్ళు, సినిమాలు, వార్తలు అన్నీ అందులోనే. రెండోది దూరదర్శన్ వారి ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. ఇప్పుడు 93.5 డిగ్రీల దగ్గరున్న జీశాట్-15 నుంచి వస్తోంది. బాక్సు, డిష్ కలిపి ఒక్కసారి సుమారు రెండువేలు పెడితే చాలు, ఆ తర్వాత నెలకి రూపాయి కట్టక్కర్లేదు. కానీ ఇందులో ఎక్కువ భాగం హిందీ చానళ్ళే. మనకి సప్తగిరి, యాదగిరి వస్తాయి, మిగతా తెలుగు వినోదం కావాలంటే డబ్బు కట్టాల్సిందే. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, కథంతా దీని మీదే తిరుగుతుంది.

ఒకే డిష్‌కి పక్కపక్కన రెండు ఎల్‌ఎన్‌బిలు బిగించి రెండు ఉపగ్రహాలనీ పట్టొచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. పట్టొచ్చు. కానీ వాటి మధ్య 10.5 డిగ్రీల దూరం ఉంది. మధ్యలో లేని ఎల్‌ఎన్‌బికి సిగ్నల్ బలం తగ్గుతుంది, ఎండలో తేడా తెలియకపోయినా వానలో ముందు పోయేది అదే. అందుకే రెండు డిష్‌లు.

మా ఊరి అక్షాంశ రేఖాంశాలు వేసి లెక్క కట్టాను. 83 డిగ్రీలది దాదాపు దక్షిణంలోనే ఉంటుంది, సుమారు 71 డిగ్రీల ఎత్తులో. 93.5 డిగ్రీలది ఆగ్నేయంలో, సుమారు 66 డిగ్రీల ఎత్తులో. రెండూ అంత పైన ఉన్నాయి కాబట్టి పక్కింటి వేపచెట్టు అడ్డం రాదు. ఆగ్నేయం అనగానే మేస్త్రి "అటు వంటిల్లు కదా బాబూ" అన్నాడు. ఉపగ్రహానికి వాస్తు తెలియదని సర్దిచెప్పాను.

ఇక అసలు చిక్కు గదుల దగ్గర. మా పాత ఇంట్లో బాక్సు ఒక్కటే, అది హాల్లో ఉండేది. దాని వెనకనుంచి ఒక వైరు లాగి నాయనమ్మ గదిలోని చిన్న టీవీకి పెట్టారు. అంటే హాల్లో ఏది పెడితే ఆవిడకీ అదే. ఐపీఎల్ వచ్చిందంటే రెండు నెలలపాటు ఆవిడ గదిలో కూడా ఐపీఎల్లే. చాటలో మిరపకాయలు పోసుకుని తాలు ఏరుకుంటూ "ఆ పసుపు చొక్కాలోళ్ళు మళ్ళీ వచ్చారా?" అని అడిగేది. మేం నవ్వేవాళ్ళం. ఆవిడ సీరియల్ టైం దాటిపోయిందని ఎవరికీ తట్టేది కాదు.

బాక్సులు రెండు తెచ్చి వైరు మాత్రం ఒకటే లాగి, మధ్యలో మామూలు స్ప్లిటర్ పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. ఎల్‌ఎన్‌బి ఒక వైరు మీద ఒకసారి ఒక్క మాటే వింటుంది. బాక్సు 13 వోల్టులు పంపితే నిలువు పోలరైజేషన్, 18 వోల్టులు పంపితే అడ్డం పోలరైజేషన్. 22 కిలోహెర్ట్జ్ టోన్ కలిపితే పై బ్యాండు, లేకపోతే కింది బ్యాండు. హాల్లో బాక్సు 18 అడిగి, లోపలి గదిలో బాక్సు 13 అడిగితే ఆ వైరు మీద 18దే గెలుపు. లోపలి గదిలో 'నో సిగ్నల్'. మన ఇళ్ళల్లో రిమోట్ సంగతి కూడా ఇదే కదా. ఎక్కువ వోల్టేజీతో అడిగినవాళ్ళ మాటే చెల్లుతుంది.

దీనికి మందు సులువే. నాలుగు అవుట్‌పుట్‌లున్న ఎల్‌ఎన్‌బి పెట్టి, గదికో వైరు విడిగా లాగాలి. అప్పుడు ఎవరి వోల్టేజీ వాళ్ళది. గదులు నాలుగు దాటితే మల్టీస్విచ్ కావాలి, మాకు ఆ అవసరం రాలేదు. రెండు డిష్‌లు, నాలుగు గదులు, మొత్తం ఎనిమిది వైర్లు. ఇప్పుడు అన్నీ వాడకపోయినా పైపులు మాత్రం ఎనిమిదింటికీ సరిపోయేలా శ్లాబు పోసేముందే వేసెయ్యాలి. తర్వాత గోడలకి గాడి కొట్టుకుంటూ కూర్చోలేం. ఆర్‌జీ-6 వైరులో వెయ్యి మెగాహెర్ట్జ్ దగ్గర వంద మీటర్లకి సుమారు 20 డెసిబెల్ పోతుంది, పైకి వెళ్ళేకొద్దీ ఇంకా ఎక్కువ. ఇంట్లో ముప్పై మీటర్లు దాటకుండా చూసుకుంటే భయం లేదు.

ఇంతవరకూ బాగానే గీశాను. తర్వాత ఏ గదికి ఏ డిష్ అని రాయాలి. డబ్బు కట్టే బాక్సు గదికొకటి పెడితే బిల్లు కూడా గదికొకటి పెరుగుతుంది. మిర్చి రేటు ఈ ఏడు ఉన్నట్టు వచ్చే ఏడు ఉండదు, నెలనెలా కట్టేది ఏదైనా నాన్న రెండుసార్లు ఆలోచిస్తాడు. అందుకని పొదుపుగా ప్లాను వేశాను. హాల్లో పెయిడ్, అమ్మానాన్నల గదిలో పెయిడ్. చెల్లి గదికి ఫ్రీ డిష్. నాయనమ్మ గదికీ ఫ్రీ డిష్. పెద్దావిడ, ఏదో ఒకటి కదులుతుంటే చాలు, ఖర్చు లేనిది ఆవిడకి పెడదాం అనుకున్నాను. అప్పుడు నాకు అందులో తప్పేమీ కనబడలేదు.

సాయంత్రం కాగితం అందరికీ చూపించా. నాయనమ్మ తన గది ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. అక్కడ ఏమి వస్తుందని అడిగింది. చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా అంది. "అయితే ఆ హిందీవోళ్ళతో కూర్చోబెడతావన్నమాట నన్ను. ఇప్పటిదాకా మీరు పెట్టింది చూశా. అది నచ్చకపోయినా అర్థమయ్యేది. ఇక అదీ లేదు."

నాన్న తల దించుకున్నాడు. నాకు మాట రాలేదు.

అప్పటినుంచీ ఆలోచిస్తున్నా. ఇంట్లో రోజు మొత్తంలో టీవీ ఎక్కువసేపు చూసేది ఎవరు? నాన్న పొద్దున్నే చేలోకి పోతాడు. పత్తి తీతలప్పుడు అమ్మ కూడా అంతే. చెల్లి కాలేజీకి, నేను హాస్టల్లో. ఇంట్లో మిగిలేది నాయనమ్మ, ఆ టీవీ. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, అరుగు మీదకి కూడా రాలేదు. మాట్లాడే తోడు ఆ పెట్టెలోంచే రావాలి. అలాంటి మనిషికి అర్థంకాని భాష పెట్టి, గంటసేపు కూడా టీవీ చూడని గదులకి డబ్బు కట్టాలని రాశాను. ఎందుకంటే ఆవిడ అడగలేదు. అడగనివాళ్ళకి మిగిలింది ఇవ్వడం మనకి అంత అలవాటైపోయింది.

నా అభిప్రాయం ఇదీ. ఇంటికి డిష్ ప్లాను వేసేటప్పుడు ముందు ఉపగ్రహాల జాబితా కాదు, మనుషుల జాబితా రాయాలి. ఎవరు ఎంతసేపు చూస్తారు, ఏ భాషలో చూస్తారు, ఇంకో దారి ఎవరికి లేదు. డబ్బు కట్టే వైరు ముందు ఆ ఇంకో దారి లేనివాళ్ళ గదికి పోవాలి. మిగతావాళ్ళం సర్దుకోగలం.

సర్దుకోవడం అంత కష్టం కూడా కాదని లెక్కేస్తే తేలింది. నాన్నకి కావాల్సింది వార్తలు, ఇండియా మ్యాచ్‌లు. మన జట్టు ఆడే వన్డేలు, టీ20ల ప్రసారాన్ని ప్రసార భారతితో పంచుకోవాలని 2007లో చట్టం వచ్చింది. ఆ ప్రసారాన్ని దూరదర్శన్ తన టవర్లలో, ఫ్రీ డిష్‌లో మాత్రమే చూపించుకోవాలని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఈ విషయంలో డబ్బు కట్టే బాక్సు కంటే ఉచిత బాక్సే నయం. చెల్లి ఇంటర్ ఎంపీసీ. 2017లో మొదలైన స్వయం ప్రభ చానళ్ళు ఫ్రీ డిష్ బాక్సులోనే వస్తాయి. అందులో ఐఐటీ-పాల్ పాఠాలున్నాయి, మనకి పనికొచ్చే ఎన్‌పీటీఈఎల్ క్లాసులూ ఉన్నాయి. డేటా అయిపోతుందన్న బెంగ లేకుండా వినొచ్చు. మారిన ప్లాను ఇలా ఉంది. నాయనమ్మ గదికి పెయిడ్. హాల్లో రెండూ, టీవీ వెనక రెండు హెచ్‌డీఎంఐ పోర్టులున్నాయి కదా. చెల్లికి ఫ్రీ డిష్. అమ్మానాన్నల గదికి పైపులు, వైర్లు మాత్రమే, ప్రస్తుతానికి బాక్సు లేదు. పెయిడ్ బాక్సులు మొదటి ప్లానులోలాగే రెండు, బిల్లు ఒక్క రూపాయి కూడా పెరగలేదు. గది మాత్రమే మారింది.

ఇది చదివి మా రూమ్మేట్ ఒక ప్రశ్న వేశాడు. "ఈ రోజుల్లో డిష్ ఏందిరా, ఫోన్లోనే అన్నీ వస్తుంటే?" న్యాయమైన ప్రశ్నే. మనకైతే వస్తాయి. కానీ నాయనమ్మకి ఫోన్ అంటే పచ్చబటన్, ఎర్రబటన్. యాప్ తెరవడం, పాస్‌వర్డ్ కొట్టడం, ప్రకటన దాటెయ్యడం ఆవిడ వల్ల కాదు. నేర్పిస్తా అని రెండుసార్లు కూర్చున్నా, చేతివేళ్ళు మిరపకాయల పనికి మొద్దుబారి టచ్ సరిగా పట్టదు. రిమోట్ అయితే చీకట్లో కూడా తడుముకుని నొక్కగలదు. తనంతట తాను చానల్ మార్చుకోగలగడం కూడా స్వతంత్రమే. అది పోతే ప్రతిసారీ ఎవరినో ఒకరిని బతిమాలుకోవాలి.

1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సైట్ అని ఒక ప్రయోగం జరిగింది, మనలో కొందరు చదివే ఉంటారు. అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకి నేరుగా టీవీ చూపించారు. అందులో అప్పటి మన ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఊరికొక సెట్టు, పైన పది అడుగుల తీగవల డిష్. మన పల్లెలకి పంపే కార్యక్రమాలు తెలుగులోనే తయారుచేశారు. అంత ఖరీదైన ప్రయోగంలో కూడా చూసేవాళ్ళ భాషేమిటని ముందు ఆలోచించారు. రెండువేల డిష్ పెడుతూ నేను ఆలోచించలేదు.

ప్లాను వేసేవాళ్ళ కోసం మా ప్రాంతానికి సంబంధించిన జాగ్రత్తలు కూడా చెప్పేస్తా. డిష్ స్తంభాన్ని పెరట్లో నేలలో పాతకండి. మనది నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది, స్తంభం మెల్లగా వాలుతుంది. 60 సెంటీమీటర్ల డిష్ రెండు డిగ్రీలు పక్కకి వాలితే చాలు, బొమ్మ పోతుంది. శ్లాబు మీదే బిగించండి, అదీ పిట్టగోడ మూలకి. డాబా మధ్యలో పెడితే మిరపకాయలు ఆరబోసే రోజుల్లో పట్టాల కింద వైర్లు నలుగుతాయి, మీ అమ్మ మిమ్మల్ని తిడుతుంది. వానలో సిగ్నల్ నిలబడాలని 90 సెంటీమీటర్ల డిష్ కొంటే మూడున్నర డెసిబెల్ కలిసొస్తుంది, కానీ గాలి పట్టే వైశాల్యం రెండుంపావు రెట్లు అవుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది, మర్చిపోకండి. బోల్టులు గట్టివి వాడండి, స్తంభానికి ఎర్తింగ్ ఇవ్వండి, వైరు ఇంట్లోకి దిగేచోట ఒక వంపు వదలండి, వాననీళ్ళు వంపు దగ్గరే కారిపోతాయి.

మొన్న ఆదివారం శ్లాబు పోశారు. పోసేముందు నాయనమ్మని కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళ్ళాం. కడ్డీల మధ్యలో తెల్ల పైపు చూపించి "ఇది నీ గదికి పోయేది" అని చెప్పా.

"ఇందులోంచి తెలుగే వస్తుందా?" అంది.

"తెలుగే" అన్నా.

"మళ్ళీ ఆ పసుపు చొక్కాలోళ్ళు రారుగా?"

"నువ్వు పెడితేనే వస్తారు నాయనమ్మా."