నాలుగు, ఐదు తరగతుల ఖాళీ

బెంగళూరుకు దక్షిణాన, ఆనేకల్ తాలూకాలో ఉన్న జిగణికి గ్రానైటు పరిశ్రమ ఒక గుర్తింపునిస్తే, ప్రశాంతి కుటీరంలో నడిచే స్వామి వివేకానంద యోగ అనుసంధాన సంస్థ మరో గుర్తింపునిచ్చింది. 2002లో డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా పొందిన ఈ సంస్థ తన యోగ చికిత్సకు తైత్తిరీయోపనిషత్తులోని పంచకోశ భావనను, అంటే మనిషిని అన్న, ప్రాణ, మనో, విజ్ఞాన, ఆనందమయాలనే ఐదు పొరలుగా చూసే దృష్టిని, ఆధారం చేసుకుంది. మనసులోని అలజడే ఒంట్లోకి రోగమై దిగుతుందన్నది ఆ చికిత్సా దృష్టి సారం.

ప్రాథమిక పాఠశాలలో ప్రభుత్వాలు శ్రద్ధగా పట్టించుకున్నది మాత్రం మొదటి పొర అయిన అన్నాన్నే, అంటే తిండినే. కర్ణాటక 2013లో క్షీరభాగ్య పథకంతో బడిపిల్లలకు పాలు ఇవ్వసాగింది, తర్వాత గుడ్డు కూడా చేర్చింది. ఆకలితో కూర్చున్న పిల్లలకు ఏ పాఠమూ ఎక్కదు కనుక ఇది చిన్న పనేమీ కాదు. అయితే స్నేహితుడితో తగవు పడితే ఏం చేయాలి, ఇష్టంలేని స్పర్శను ఎలా కాదనాలి, ఆ సంగతి ఎవరికి చెప్పుకోవాలి అన్నవి పాఠాలుగా కుదురుకోలేదు.

ఇందుకు కారణం కొంతవరకు పాత వివాదంలోనే ఉంది. 2005లో కేంద్రం తెచ్చిన కౌమార విద్యా కార్యక్రమాన్ని లైంగిక విద్యగా భావించి 2007లో పలు రాష్ట్రాలు నిలిపివేశాయి, వాటిలో కర్ణాటక ఒకటి. అప్పటి నుంచి బంధాల గురించిన చర్చ ఏదైనా ఆ అనుమానపు నీడలోనే సాగింది. ఇంగ్లండు లైంగిక విద్యను, బంధాల పాఠాలను విడదీసి, 2020 సెప్టెంబరు నుంచి కుటుంబం, స్నేహం, గౌరవం, భద్రత వంటి అంశాలున్న బంధాల విద్యను ప్రాథమిక పాఠశాలల్లో తప్పనిసరి చేసింది; లైంగిక విద్య వద్దనుకునే తల్లిదండ్రులకు పిల్లలను దాని నుంచి తప్పించే హక్కునిచ్చింది కానీ బంధాల విద్య నుంచి కాదు.

భాష ఇంకో చిక్కు. ఉదాహరణకు, మర్మావయవాలకు తెలుగులో ముద్దుమాటలున్నాయి, తిట్లున్నాయి, బరువైన సంస్కృత పదాలున్నాయి. ఉపాధ్యాయురాలు తరగతిలో తడబడకుండా పలికే సాదా మాటలే కరువు. పేరు పెట్టి చెప్పలేని చోట జరిగిన తప్పును పసివాళ్లు ఫిర్యాదు చేయడం కష్టం. పొట్టకూటికి పలు రాష్ట్రాల నుంచి వలస వచ్చే కుటుంబాలుండే జిగణి వంటి పారిశ్రామిక ప్రాంతంలో ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి అయినప్పుడు ఈ కరువు రెట్టింపవుతుంది.

అలాగని పునాది లేదనలేం. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ పాఠశాల ప్రయోగాల స్ఫూర్తితో 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటెలో మొదలై, తర్వాత కర్ణాటక అంతటికీ పాకిన 'నలి కలి', అంటే ఆనందిస్తూ నేర్చుకో అనే పద్ధతి, ఒకటి నుంచి మూడు తరగతుల పిల్లలను ఒకేచోట గుంపులుగా కూర్చోబెట్టి, ఒకరి నుంచి ఒకరు నేర్చుకునేలా చేస్తుంది. బంధాల పాఠమని పేరు పెట్టకపోయినా, పెద్దపిల్ల చిన్నపిల్లకు చేయందించే ఆ కూర్పులోనే సహనం, పంచుకోవడం అలవాటవుతాయి. అయితే ఆ పద్ధతి మూడో తరగతితో ముగుస్తుంది. బడికి ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్య రాయబారులుగా నియమించి, పదకొండు అంశాల్లో ఒకటిగా పరస్పర సంబంధాలను బోధించాలంటూ 2020లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ఆరో తరగతితో మొదలవుతుంది. నడుమ మిగిలిన నాలుగు, ఐదు తరగతుల పిల్లలు తొమ్మిది, పదేళ్లవాళ్లు. చాలామంది ఆడపిల్లల్లో శారీరక మార్పులు మొదలయ్యే వయసు అదే.