టవర్‌పై కోపం, ఫోన్‌పై మోజు

కాలనీలో సెల్ టవర్ వస్తోందంటే చాలు, జనం రోడ్డెక్కుతారు. ఇంటికెళ్లి అదే ఫోన్‌ను దిండు కింద పెట్టుకుని పడుకుంటారు. ఒంటికి ఎక్కువగా తగిలేవి దూరాన ఉన్న టవర్ తరంగాలు కావు, చెవికి ఆనించిన ఫోన్‌వే. పైగా సిగ్నల్ బలహీనపడితే టవర్‌ను అందుకోవడానికి ఫోన్ తన శక్తిని పెంచుకుంటుంది. బ్యాటరీ కూడా గబగబా అయిపోతుంది. టవర్‌ను తరిమి మనం సాధించేది ఇదన్నమాట!

అలాగని బెంబేలెత్తాల్సిన పనిలేదు. 2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ తరంగాలను క్యాన్సర్ కారకాలు ‘కావచ్చు’ అనే జాబితాలో చేర్చిన మాట నిజం. కలబంద ఆకు సారమూ అందులో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించగా 2024లో వెలువడిన సమీక్షలో మెదడు క్యాన్సర్‌కు, సెల్‌ఫోన్‌కు సంబంధం కనిపించలేదు.

మన ప్రభుత్వం 2012 సెప్టెంబరు నుంచి ఫోన్ తరంగాల శక్తిని శరీరం పీల్చుకునే రేటుకు, అంటే ‘సార్’కు, పరిమితిని కిలోకు 1.6 వాట్లకు తగ్గించింది. ఒక గ్రాము కణజాలంపై లెక్కగట్టే సగటు ఇది. *#07# నొక్కితే చాలా ఫోన్లలో ఆ అంకె తెరపైనే కనిపిస్తుంది. ఫోన్ కొనేటప్పుడు కెమెరా గురించి పది ప్రశ్నలు అడిగేవారు దీన్నీ ఒకసారి చూడొచ్చు.

లిఫ్టులో, సెల్లార్‌లో ఒక్క గీతే సిగ్నల్ ఉన్నప్పుడు మాట్లాడటం మానండి. సుదీర్ఘ సంభాషణలకు ఇయర్‌ఫోనో, స్పీకరో వాడండి. రేడియేషన్‌ను ఆపుతాయంటూ అమ్మే స్టిక్కర్లకు మాత్రం డబ్బు తగలేయకండి.