కలివికోడితో మనకు తగవెందుకు?

1900 తర్వాత జాడలేక, అంతరించిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లా లంకమల చెంత దొరికింది. పట్టింది శాస్త్రజ్ఞుడు కాదు, అడవి తెలిసిన మన పల్లెటూరి వేటగాడే!

పగలు పొదల చాటున నక్కి, రాత్రిళ్లు చెదలు, చీమలు ఏరుకు తినే పిట్ట ఇది. దానికి చిట్టడవి మరీ చిక్కగా ఉన్నా పనికిరాదు, మరీ బయలైనా పనికిరాదు. అందుకే మందలన్నిటినీ తరిమేస్తే సరిపోదు. యంత్రాలు పెట్టి పొదల్ని వేళ్లతో పెరికేయడం, కంపంతా కట్టెలకు కొట్టేయడమే అసలు ముప్పు.

2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం దాని నెలవు మీదికే వచ్చింది. తర్వాత కాలువ దారి మార్చారు. నీళ్లూ దక్కాయి, అడవీ మిగిలింది. చేను పక్క కలివి పొదలపై గొడ్డలి ఎత్తేముందు ఒక్కసారి ఆలోచించండి. అధికారులూ మనల్ని దోషుల్లా చూడక, కాపలాదారులుగా కలుపుకోవాలి.